అద్దె ఇంటిలో అద్దె కట్టని వారు

ఎలుక మీది కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్లు అని మన పెద్దలొక సామెత చెప్పినారు. ఈ సామెతను తరగతి గదిలో ఎన్నో మారులు వివరించినాము గాని, అందులోని కోపం ఎటువంటిదో మాకు తెలిసినది కలకడలో ఒక అద్దె ఇంట కాపురం పెట్టిన తరువాతనే. వార్షిక సంచికకు ఒక వ్యాసం పంపవలసినదిగా సంపాదక వర్గం వారు కోరినప్పుడు, ప్రబంధాలలోని ఋతువర్ణనలను గూర్చి వ్రాయవలెనని తొలుత అనుకున్నాము. అందుకై కూర్చుకున్న కాగితాలను ఒక రాత్రి ఎలుకలు కొరికి గది మూల పోగు పెట్టినవి. విషయం మార్చుకొనక తప్పలేదు.

మా విద్యార్థులలో పలువురు చుట్టుపట్ల పల్లెల నుండి వచ్చి, నలుగురైదుగురు కలిసి ఒక గది అద్దెకు తీసుకొని, స్వయంగా వండుకొని చదువుకొనే వారు. వారి గదులకు వెళ్లినప్పుడెల్లా బియ్యపు సంచికి చిల్లు, పుస్తకాల అంచులకు గాట్లు మాకు కనబడుతూనే ఉన్నవి. ఒక విద్యార్థి తన పదవ తరగతి మార్కుల పట్టికను సంచిలో చుట్టి దూలానికి వ్రేలాడదీసినాడు. త్రాడు మీదుగా దిగివచ్చిన ఎలుక దానిని కూడ విడువలేదు. కనుక మా అనుభవమూ, దాని వలన మేము చదివి తెలుసుకొన్న నాలుగు సంగతులూ వారికి అక్కరకు రావచ్చునని తలుస్తున్నాము.

కలకడ రాయచోటి, పీలేరుల నడుమ ఉన్న ఊరు. చుట్టూ టమోటా తోటలు, వాన కోసం ఆకాశం వైపు చూచే వేరుశనగ చేలు. ఇక్కడి వారు వేరుశనగను చెనిక్కాయ అంటారు. మేము దిగిన ఇల్లు ఒకే పెంకుల కప్పు క్రింద వరుసగా ఉన్న నాలుగు వాటాలలో రెండవది. వాటాకు వాటాకు మధ్య గోడ ఉన్నది గాని అది కప్పు దాకా పోలేదు. మనిషి ఎత్తుకు కొంత పైన ఆగిపోయినది. ఆ పైనున్న అటక నాలుగు కుటుంబాలకూ ఉమ్మడి. వెనుక కొట్టంలో ఇంటి యజమాని చెనిక్కాయల మూటలు నిలువ చేస్తాడు. అద్దెకు దిగేటప్పుడు మనం చూచేది నీటి కొళాయి, విద్యుత్తు మీటరు, వీధి వెడల్పు. తల ఎత్తి అటక వైపు చూచే వారు అరుదు. మేమూ చూడలేదు.

మొదటి వారంలోనే రాత్రి పది దాటిన తరువాత నెత్తి మీద పరుగులు వినబడసాగినవి. రెండవ వారంలో వంటింటి గోడ వారగా పెంటికలు కనబడినవి. మూడవ వారంలో జరిగినది మాత్రం ఈనాటికీ మా మనస్సును కలచివేస్తున్నది. మా తండ్రిగారు ఉద్యోగరీత్యా దూరాన ఉన్న కాలంలో మా తల్లిగారికి ఉర్దూలో వ్రాసిన ఉత్తరాల కట్ట ఒకటి అట్టపెట్టెలో దాచి ఉంచినాము. ఒకనాడు ఆ పెట్టె తెరచి చూడగా పదకొండు ఉత్తరాలు పీచుపీచై ఉన్నవి. ఆ పీచు మీద కండ్లు తెరవని ఆరు ఎలుక పిల్లలు పడుకొని ఉన్నవి. ఒక తునక మీద మా తండ్రిగారి దస్తూరిలో ‘ఖైరియత్’ అనే మాట ఒక్కటి చెడకుండ మిగిలినది. ఇంటికి నిప్పు పెట్టవలెనన్న బుద్ధి మనిషికి ఎందుకు పుట్టునో ఆనాడు గ్రహించినాము.

కోపం చల్లారిన తరువాత చేయవలసిన మొదటి పని, వచ్చినది ఎవరో తెలుసుకొనుట. ఎలుక అని మనం ఒక్క మాటతో సరిపెట్టేది ఒక్క జంతువు కాదు. ఇంటి ఎలుక సన్ననిది, పెద్ద చెవులది, దేహం కంటె తోక పొడుగు. ఇది ఎగబ్రాకుటలో దిట్ట. అటకలు, దూలాలు, విద్యుత్తు తీగలు దీని రహదారులు. చిట్టెలుక దానికంటె ఎంతో చిన్నది, బీరువా అరలలోనూ అట్టపెట్టెలలోనూ కాపురం పెట్టగలది. పందికొక్కు బలిసిన దేహం, పొట్టి తోక కలిగి, నేలను త్రవ్వి కలుగులు చేసి ధాన్యాన్ని లోపల కూడబెట్టుకొంటుంది. ఇక నాలుగవది చుంచు. మూతి పొడుగు, ఒంటి నుండి ఘాటైన వాసన. ఇది ఎలుక జాతికి చెందినదే కాదు. బొద్దింకలను, పురుగులను తిని బ్రతుకుతుంది, సంచులు కొరకదు. తెలియక చాలమంది దీనిని చంపి, ఎలుకను చంపినామని తృప్తి పడుతున్నారు.

తెలుగు బోధించే వారము గనుక ఇక్కడ మాటల ముచ్చట ఒకటి చెప్పక ఉండలేము. ఇంగ్లీషు వారి ‘బాండికూట్’ అనే పదం మన పందికొక్కు నుండి పోయినదే. ఆ పేరును వారు ఆస్ట్రేలియాకు తీసుకొనిపోయి, అక్కడి సంచిపొట్ట జంతువు ఒకదానికి పెట్టినారు. ఆ జంతువుకు పందితోగాని కొక్కుతోగాని ఏ సంబంధమూ లేదు! సంస్కృతంలో మూషికం, పారసీకంలో మూష్, ఇంగ్లీషులో మౌస్ ఒక్క కుదురు నుండి వచ్చినవే. మన ఇంట ఉర్దూలో ‘ఛుఛుందర్’ అనేదీ పొరుగింట తెలుగులో ‘చుంచు’ అనేదీ ఒకే ప్రాణి. మాటలు కూడ దగ్గర చుట్టాలవలె వినబడుతున్నవి.

ఎలుక కంటికి కనబడకపోయినా దాని జాడలు చెబుతవి. చిట్టెలుక పెంటికలు జీలకర్ర గింజంత ఉంటవి. ఇంటి ఎలుకవి సుమారు అర అంగుళం ఉండి రెండు కొనలూ సన్నగా ఉంటవి. పందికొక్కువి మరింత పెద్దవి. ఎలుకకు చూపు మందం. మీసాలు గోడకు తగిలించుకొంటూ రోజూ ఒకే దారిన పోతుంది. అందువలన దాని ఒంటి జిడ్డు అంటి గోడ మీద, దూలం మీద నల్లని చార ఏర్పడుతుంది. మేము రాత్రి పడుకోబోయే ముందు గోడ వారగా ముగ్గుపిండి పలుచగా చల్లి, తెల్లవారి చూచినాము. వంటింటి తూము నుండి బియ్యపు డబ్బా దాకా, అక్కడ నుండి తలుపు సందుకు, తలుపు మీదుగా అటకకు దారి స్పష్టంగా పడి ఉన్నది. ముగ్గుపిండి ఖర్చు ఏమంత? ఆ ఒక్క రాత్రిలో తెలిసినంత, మూడు వారాలు మేలుకొని విన్నా తెలియలేదు.

ఎలుక కొరికేది ఆకలి వలన మాత్రమే కాదు. దాని ముందరి పండ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటవి. ఏడాదికి నాలుగైదు అంగుళాల వరకు పెరిగే ఆ పండ్లను అరగదీసుకొనకపోతే నోరు మూతపడదు. కనుక కొయ్య, ప్లాస్టిక్, విద్యుత్తు తీగ, మా ప్రబంధ వ్యాసం అన్నీ దానికి ఆకురాయి వంటివే. తీగ పైపొర కొరికిన చోట నిప్పు రవ్వ పుట్టి ఇండ్లు అంటుకొనుట కద్దు. రాత్రి పడుకొనే ముందు దీపం ఆర్పవలెననీ, ఎలుక వత్తిని ఈడ్చి ఇల్లు తగులబెట్టగలదనీ హదీసులలో హెచ్చరిక కలదు. నూనె దీపాలు పోయి విద్యుత్తు వచ్చినా ఆ ప్రమాదం పోలేదు. పైగా ఎలుకలున్న చోటికి వాటిని వెదుకుకొంటూ జెర్రిపోతు, నాగుబాము వస్తవి. పల్లెటూరి వారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

వీటి సంతతిని గూర్చి కూడ కొంత తెలియవలెను. ఇంటి ఎలుక మూడు వారాలకు కాస్త అటూ ఇటూగా గర్భం మోసి, ఒక కాన్పులో అయిదారు మొదలు ఎనిమిది పిల్లల దాకా ఈనుతుంది. ఆ పిల్లలు మూడు నెలలకే తల్లులు కాగలవు. ఒక జంట ఏడాదిలో వేలకు పెరుగునని కాగితం మీద లెక్కలు కట్టే వారున్నారు. ఆ లెక్కలో చావు ఉండదు. నిజానికి ఒక ఇంట ఎన్ని ఎలుకలుండునో నిర్ణయించేవి రెండే: తినుటకు దొరికే తిండి, దాగుటకు దొరికే చోటు. ఆ రెండూ ఉన్నంతకాలం పదింటిని చంపితే మిగిలిన వాటి పిల్లలకు తిండి ఎక్కువ దొరికి, కొద్ది నెలలలో ఆ పది స్థానాలూ నిండిపోతవి. పొరుగు అటక నుండి వలస వచ్చేవి వేరు. ఈ సంగతి తెలియకనే మనమందరం మొదట మందుల దుకాణానికి పరుగెత్తుతాము.

మా వరుసలో మూడవ వాటాలో ఉన్నాయన అదే చేసినారు. గొట్టంలో అమ్మే ఎలుకల ముద్దమందు తెచ్చి, టమోటా ముక్కలకు పూసి, అటక మీదా మెట్ల క్రిందా పెట్టినారు. మా ప్రాంతంలో టమోటాకు కొరత లేదు గదా! ఆయన దురుద్దేశంతో చేసినది కాదు, మాకందరికీ మేలు చేయుచున్నాననే అనుకున్నారు. మరునాటి ఉదయం ఎలుక ఈడ్చుకొనిపోతూ విడిచిన ముక్క ఒకటి మా గడప వద్ద పడినది. నాలుగేండ్ల మా అమ్మాయి దానిని చేతబట్టి నోటి దాకా తీసుకొనిపోయినది. “అమ్మా! బిడ్డ నోట్లో పెట్టుకుంటా ఉండాది, చూడు!” అని ఎదురింటి అవ్వ కేక వేయకపోతే ఏమై ఉండునో ఊహించుటకు కూడ మాకు ధైర్యం చాలదు. చేతులు సబ్బుతో కడిగించి, గొట్టం కూడ చేతబట్టుకొని వైద్యుని వద్దకు పరుగెత్తినాము. నోటిలోకి పోలేదని తేలినది. అయినను మూడు రోజులు గమనిస్తూ ఉండండని ఆయన చెప్పినారు.

మూడు రోజులు ఎందుకు? ఆ ముద్దమందులో ఉండేది పచ్చ భాస్వరం. లోపలికి పోయిన మొదటి దినం కొంత వాంతి, కడుపులో మంట కలిగి, తరువాత రోగి తేరుకొన్నట్లే కనబడతాడు. రెండు మూడు దినాలు గడిచిన పిదప కాలేయం చెడుట బయటపడుతుంది. బాగానే ఉన్నాడు గదా అని ఇంటికి తీసుకొనిపోయిన బంధువులు మోసపోయేది ఇక్కడనే. దీనికి నేరుగా పనిచేసే విరుగుడు లేదు. 2022వ సంవత్సరంలో ముంబయిలో ఒక గృహిణి ఎలుకల కోసం మందు పెట్టిన టమోటాను మరచి వంటలో వేసుకొని ప్రాణం కోల్పోయినది. మా గడప వద్ద పడిన ముక్కకూ దానికీ భేదమేమీ లేదు.

నల్లని పొడిగా దొరికే జింకు ఫాస్ఫైడు మరొకటి. ఇది కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువు అవుతుంది. దీనికీ విరుగుడు లేదు. పొలాలలో శిక్షణ పొందిన వారి చేతిలో ఇది పనిముట్టు కావచ్చునేమో గాని, ఇంటిలో మాత్రం దీనికి చోటు లేదు. అదియును గాక ఎలుకకు వాంతి చేసుకొనే శక్తి లేదు. కనుక క్రొత్త పదార్థాన్ని చాల కొద్దిగా రుచి చూచి, ఒంటికి పడకపోతే మరల ముట్టదు. సగం మోతాదు తిని బ్రతికిన ఎలుకకు ఆ మందుతో మరల ఎర వేయుట వృథా ప్రయాస.

మూడవ తరగతి మందులు రక్తం గడ్డకట్టకుండ చేసేవి. వీటి పుట్టుక కథ విజ్ఞాన విద్యార్థులు వినదగినది. 1920లలో అమెరికా, కెనడా దేశాలలో పశువులు చిన్న గాయమైనా నెత్తురు కారి కారి చనిపోసాగినవి. బూజు పట్టిన ఒక జాతి పశుగ్రాసం తినుటయే కారణమని పశువైద్యులు కనుగొన్నారు. 1933లో విస్కాన్సిన్ రాష్ట్రపు రైతు ఒకాయన మంచు తుఫానులో, గడ్డకట్టని నెత్తురు నింపిన పాలక్యానును, చచ్చిన పశువునూ, ఆ గడ్డినీ బండిలో వేసుకొని విశ్వవిద్యాలయానికి వచ్చినాడు. అక్కడి కార్ల్ పాల్ లింక్ అనే ఆచార్యుడు, ఆయన శిష్యులు ఏండ్ల తరబడి శ్రమించి ఆ గడ్డిలోని పదార్థాన్ని వేరు చేసినారు. దాని వంశంలోనిదే 1948లో ఎలుకల మందుగా వచ్చిన వార్ఫరిన్. పరిశోధనకు ధనమిచ్చిన సంస్థ పేరులోని తొలి అక్షరాల నుండి ఆ పేరు పుట్టినది. కొద్ది ఏండ్లకే అది మనుష్యుల గుండెజబ్బులకు ఔషధమైనది. ఎలుకను చంపే మందే తగిన మోతాదులో తాతగారిని బ్రతికిస్తున్నదన్న మాట! 1958 నాటికి స్కాట్లండు ఎలుకలు దీనికి లొంగుట మానినవి. ఇప్పుడు మన దుకాణాలలో బిళ్ళలుగా దొరికే బ్రోమడయొలోన్ ఆ తరువాతి తరం మందు. తిన్న కొన్ని దినాలకు గాని ఎలుక చావదు గనుక అది ఎరను అనుమానించదు. పొరబాటున మనిషి తిన్నచో విటమిన్ కె విరుగుడుగా పనిచేస్తుంది. అయినను ఆ ఎలుకను తిన్న పిల్లికీ గుడ్లగూబకూ ముప్పే. ఎక్కడో గోడ సందున చచ్చి, వారం దినాలు ఇంటిల్లిపాదినీ ముక్కు మూసుకొనేటట్లు చేయుట దీని మరొక గుణం.

అందువలన మేము మా విద్యార్థులను గట్టిగా కోరేది ఒకటి ఉన్నది. వండుకొని, పడుకొని, చదువుకొనే ఒకే గదిలో ఎలుకల మందు ఏ రూపంలోనూ ఉంచవలదు. చీకటిలో వంట చేసే తొందర ఉంటుంది. పరీక్షల ముందు మనస్సు నిలకడ తప్పే ఘడియలూ ఉంటవి. అటువంటి ఘడియలో తోడి వానిని ఒంటరిగా విడువవలదు. మా వంటి వారి తలుపు ఏ వేళనైనా తట్టవచ్చు. ఎవరైనా పొరబాటుననో ఆవేశాననో మ్రింగినారని తెలిస్తే, లక్షణాల కోసం ఎదురుచూడక తక్షణం పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను. మందు గొట్టమో పొట్లమో వెంట తీసుకొనిపోవలెను.

చచ్చిన ఎలుకను గూర్చి మా ప్రాంతపు పెద్దలకు వేరొక భయం ఉండేది. ఎలుకలు రాలితే ఊరు వదలిపెట్టి పొలాలలో గుడిసెలు వేసుకొనేవారు. ఆ భయం మూఢనమ్మకం కాదు. ప్లేగు సూక్ష్మజీవిని 1894లో హాంకాంగులో యెర్సిన్ కనుగొన్నాడు. చచ్చిన ఎలుకను విడిచిన గోమార వంటి చిన్న పురుగు మనిషిని కుట్టుట వలన ఆ వ్యాధి సోకునని 1898లో కరాచీలో సిమోండ్ ప్రయోగం చేసి చూపినాడు. అప్పటికే బొంబాయిలో 1896లో ప్రవేశించిన ప్లేగు దేశమంతట ప్రాకి, తరువాతి పాతికేండ్లలో కోటి మందికి పైగా బలిగొన్నది. ఇది చరిత్ర పాఠంలో అందరూ చదివినదే. చదువనిది ఏమనగా, 1994లో సూరతులో ప్లేగు మరల కనబడి యాభై మందికి పైగా మరణించుటకు ముందు, మన దేశంలో చివరి మానవ ప్లేగు కేసు నమోదైనది 1966లో, కోలారు జిల్లా ముళబాగిలులో. పుంగనూరు, పలమనేరు వారికి అది పొరుగూరి వంటిది! కోలారు, చిత్తూరు, తమిళనాడు సరిహద్దులు కలిసే ఈ భూభాగాన్ని ప్లేగు యొక్క సహజ స్థావరాలలో ఒకటిగా శాస్త్రజ్ఞులు గుర్తించినారు. బెంగుళూరులోని కేంద్ర ప్రభుత్వపు నిఘా విభాగం వారు దశాబ్దాల తరబడి ఇక్కడి అడవి ఎలుకలను పట్టి పరీక్షిస్తూ వచ్చినారు.

భయపెట్టుటకు ఈ మాట చెప్పుట లేదు. ఈనాడు ప్లేగుకు లొంగే మందులున్నవి, సకాలంలో ఇస్తే నయమవుతుంది. అయితే ఎలుక మూత్రం కలిసిన నీటి వలన లెప్టోస్పైరా జ్వరం, ఎలుకల ఒంటిని ఆశ్రయించే నల్లి వంటి పురుగుల వలన స్క్రబ్ టైఫస్ జ్వరం నేటికీ ఉన్నవి. రెండవది మన చిత్తూరు ప్రాంతపు వైద్యులు తరచు చూచుచున్నదే. కనుక చచ్చిన ఎలుకను తోక పట్టి వీధిలోకి విసరవలదు. చేతికి సంచి తొడుగుకొని ఎత్తి, లోతుగా పూడ్చవలెను. పెంటికలను పొడిగా ఊడ్చక, మందునీరు చల్లి తుడవవలెను. కారణం లేకుండ ఒక చోట అనేక ఎలుకలు రాలి ఉంటే ఆరోగ్య కేంద్రానికి తెలుపవలెను.

ఇక మా ఇంటి కథకు వస్తాము. టమోటా ముక్క సంఘటన తరువాత మేము నాలుగు వాటాల వారమూ కలిసి యజమాని వద్దకు వెళ్లినాము. ఆయన వృద్ధుడు, దైవభక్తి గల వాడు. “అది వినాయకుడి వాహనం సార్. నా ఇంట్లో చంపేదానికి నేను ఒప్పుకోను” అన్నారు. మా మూడవ వాటా ఆయనకు కోపం వచ్చినది. మేము మాత్రం ఆ మాటలో ఒక దారి చూచినాము. “చంపవద్దండి. లోపలికి రాకుండ మూయించండి. మూయుటకు దేవునికి అభ్యంతరం ఉండదు గదా” అన్నాము. ఆయన కొంతసేపు ఆలోచించి, సిమెంటు తాను ఇస్తాననీ మేస్త్రీ కూలి మేము నలుగురం పెట్టుకోవలెననీ అన్నారు. ఒప్పుకున్నాము.

ఇక్కడ చట్టం మాట ఒకటి. ఒప్పందం ప్రకారం యజమాని చేయవలసిన మరమ్మతును, తెలియజేసిన పిదప తగిన గడువులో ఆయన చేయకపోతే, అద్దెకున్న వారు తామే చేయించుకొని ఖర్చును వడ్డీతో అద్దెలో మినహాయించుకొనవచ్చునని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షను చెబుతున్నది. అయితే ఒప్పందంలో ఆ మాట ఉండవలె గదా! మన ఊళ్లలో అద్దె ఒప్పందమంటే నోటి మాట, ఒక నెల అడ్వాన్సు. కాగితం వ్రాసుకొనేటప్పుడు మరమ్మతులు ఎవరివి అన్న ఒక్క వాక్యం చేర్చుకొన్న వారు అదృష్టవంతులు. మేము చేర్చుకోలేదు. మా పని జరిగినది చట్టం వలన కాదు, నలుగురం ఒక్క మాటగా వెళ్లినందువలన. ఒక్క వాటా వారు ఎన్ని కన్నాలు మూసినా ఉమ్మడి అటక ఉండగా ఎలుకకు ఏమి లోటు?

ఒక ఆదివారం ఉదయం మొదలుపెట్టినాము. చిట్టెలుకకు పెన్సిలు దూరే సందు చాలు. ఇంటి ఎలుకకు అర అంగుళం కన్నం చాలు. ఈ కొలత మనస్సులో ఉంచుకొని చూస్తే ఇల్లంతా జల్లెడవలె కనబడినది. తూములకు సన్నని ఇనుప వల బిగించినాము. తలుపుల అడుగున రేకు కొట్టినాము. గోడ కన్నాలలో గాజు పెంకులు, గిన్నెలు తోమే ఉక్కుపీచు కుక్కి పైన సిమెంటు పూసినాము. వట్టి సిమెంటు తడి ఆరక ముందే ఎలుక గీకివేస్తుంది. గుడ్డలు, కాగితాలు కుక్కుట ఎలుకకు పరుపు సమర్పించుటయే. వాటాల మధ్య గోడను ఇటుకలతో కప్పు దాకా లేపించుట అన్నింటికంటె పెద్ద పని. రెండు దినాలు పట్టినది.

వెనుక కొట్టం క్రింద పందికొక్కుల కలుగులుండినవి. యజమాని ఇద్దరు యానాదులను పిలిపించినారు. వారి నేర్పు చూచి మేము ఆశ్చర్యపోయినాము. ముందు కొట్టం చుట్టూ తిరిగి కలుగు నోళ్లన్నీ లెక్కపెట్టి, ఒకటి రెండు తప్ప అన్నీ మట్టితో మూసినారు. కుండలో గడ్డి కుక్కి నిప్పంటించి, అడుగున ఉన్న రంధ్రం గుండా ఊదుతూ పొగను లోనికి పంపినారు. త్రవ్వగా ఒక అరలో చెనిక్కాయలు చేటెడు దొరికినవి. వాటిని చూచిన తరువాత యజమాని వాహనం మాట మరల ఎత్తలేదు. డిగ్రీలు పొందిన మాకు ఆ కలుగు కొనలు కూడ కనబడలేదు. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధన కేంద్రంలో వరిపొలాల ఎలుకలపై ఏండ్ల తరబడి పరిశోధనలు జరిగినవని చదివినాము. ఆ విద్యలో మొదటి ఆచార్యులు ఈ చదువు లేని వారేనని మాకు అనిపించినది.

కన్నాలు మూసిన తరువాత లోపల చిక్కినవి కొన్ని ఉంటవి. వాటికి బోను. బోను కొని ఆ రాత్రే ఎర పెట్టి, తెల్లవారి ఖాళీ బోను చూచి నిరాశపడే వారు ఎక్కువ. ఇంటి ఎలుకకు క్రొత్త వస్తువంటే అనుమానం. అందువలన మూడు నాలుగు రాత్రులు బోను తలుపు పడకుండ కట్టివేసి, లోపల ఎర మాత్రం పెట్టుచుండవలెను. అది తిని పోవుట అలవాటైన తరువాత కట్టు విప్పవలెను. బోనును గది నడుమ గాక గోడ వారగా, ముగ్గుపిండిలో అడుగులు పడిన చోట ఉంచవలెను. ఎరకు మేము ఎన్నో ప్రయత్నించినాము. కాల్చిన ఎండుకొబ్బరిని మించినది లేదు. ఏడు దినాలలో తొమ్మిది పడినవి. యజమాని కోరిక మేరకు వాటిని ఊరి వెలుపల చెరువు కట్ట దాటించి విడిచినాము. అక్కడ అవి ఎన్ని దినాలు బ్రతికినవో గుడ్లగూబలకే తెలియవలె. జిగురు పలకలు మాత్రం కొనలేదు. వాటిపై అంటుకొని గంటల తరబడి గింజుకొనే ప్రాణిని చూచుట మా పిల్లలకు నేర్పదగిన విద్య కాదు.

పిల్లిని పెంచరాదా అని అడిగే వారున్నారు. అవ్వ పిల్లి ఒకటి మా వాకిట్లోనే పడుకొనేది. పాలు పోసే ఇల్లు దొరికిన తరువాత అది అటక ఎక్కుట మానినది.

గదులలో ఉండే విద్యార్థులు చేయదగినవి ఎక్కువేమీ కావు. బియ్యం, పప్పు మూత బిగించే రేకు డబ్బాలలో ఉంచుట, రాత్రి ఎంగిలి గిన్నెలు తోమి పడుకొనుట, బకెట్టు నీటికి మూత పెట్టుట. నీరు దొరకని ఇంట ఇంటి ఎలుక ఎక్కువ కాలం నిలువదు. ధ్రువపత్రాలు అట్టపెట్టెలో గాక ఇనుప పెట్టెలో ఉండవలె. ఇల్లు మారేటప్పుడు పాత అట్టపెట్టెలు వెంట తెచ్చుకొనవలదు, వాటిలో చిట్టెలుకలు కూడ కాపురం మారుస్తవి.

మా అటక ఇప్పుడు నిశ్శబ్దంగా ఉన్నది. మిగిలిన ఉత్తరాలను ఇనుప పెట్టెలోనికి మార్చినాము; ‘ఖైరియత్’ అన్న తునకను కూడ అందులోనే ఉంచినాము. వంటింటి తూము వలను వారానికొక మారు విప్పి కడగవలసి వచ్చుచున్నది, లేకపోతే నీరు నిలుస్తున్నది. గోడ పని ముగిసిన రెండవ నెలలో యజమాని వచ్చి, వచ్చే నెల నుండి అద్దె పెంచుచున్నానని చెప్పినారు. ఎందుకని అడిగినాము. “ఇప్పుడు ఇల్లు గట్టిగా ఉండాది కదా సార్” అన్నారు.